కొండ మీద 142 రోజులు: ఒక చీటీల కేసులో గృహ నిర్బంధం

విజయవాడ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసుకునే వకీలుని. ఈ కేసులో పార్టీల ఆనవాలు తెలియకుండా వయసులు, వరసలు, కొన్ని చిన్న వివరాలు మార్చాను. చట్టాన్నీ, జరిగిన తీరునూ మార్చలేదు. గృహ నిర్బంధం అనే మాట మనకు ఎప్పుడూ పెద్దవాళ్ల పేర్ల పక్కనే వినపడుతుంది. రెండు గదుల రేకుల ఇంట్లో, నీళ్లకు 90 మెట్లు దిగాల్సిన చోట అది ఎలా నడుస్తుందో నేను చూశాను. చూడటమే కాదు, దాన్ని అడిగి తెచ్చింది కూడా నేనే.

చీటీ తిరగబడటం

మా పార్టీకి, అంటే నేను వాదించిన ముద్దాయికి, అరవై రెండేళ్లు. చిట్టినగర్ సొరంగం దగ్గర కొండ మీద ఇల్లు. భర్త హమాలీ పని చేసి పన్నెండేళ్ల కిందట పోయాడు. ఆయన ఉండగానే ఈవిడ వెయ్యి రూపాయల చీటీలతో మొదలుపెట్టి, ఇరవై ఏళ్లలో రెండు లక్షల చీటీల దాకా వచ్చింది. 20 మంది, నెలకు 10 వేలు, 20 నెలలు. అలాంటివి ఒకేసారి రెండు నడిపింది. వాటి మీద 5 లక్షలది ఇంకొకటి. రిజిస్ట్రేషన్ మాటే లేదు. పాట వాకిట్లో, లెక్క చేతిసంచిలోని నోటుపుస్తకంలో.

2023లో కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు డయాలసిస్‌లు. అదే ఏడాది పాట ఎత్తుకున్నవాళ్లలో ముగ్గురు వాయిదాలు కట్టడం మానేశారు. ఈవిడ కొన్నాళ్లు తన చేతి డబ్బు వేసింది, తర్వాత నూటికి మూడు వడ్డీకి తెచ్చి వేసింది. 2024 మేలో ఇక కుదరక హైదరాబాదులో కూతురింటికి వెళ్లి మూడు వారాలు ఫోను కట్టేసుకుంది. కొండ మీద జనం 'బోర్డు తిప్పేసింది' అన్నారు. ఆవిడ నాతో చెప్పింది వేరు: "మొహం చూపించలేక పోయాను బాబూ." ఆ మూడు వారాలు కేసంతా మమ్మల్ని వెంటాడాయి.

జులై మొదటి వారంలో ఎఫ్ఐఆర్ అయింది. నేరం జరిగిన కాలం కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకొచ్చిన జులై 1కి ముందుది కనుక సెక్షన్లు పాత ఐపీసీవి, 406 నమ్మకద్రోహం, 420 మోసం. ప్రొసీజరు మాత్రం సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్‌ది. వాటికి తోడు 1982 చిట్‌ఫండ్స్ చట్టం, మన రాష్ట్రం 1999లో చేసిన డిపాజిటర్ల రక్షణ చట్టంలోని సెక్షన్ 5 కలిపారు. అన్నిటికన్నా బరువైంది ఆ చివరిదే, పదేళ్ల దాకా పడుతుంది. 12న అరెస్టు, ఆ రాత్రే రిమాండు.

జైల్లో ఆవిణ్ణి ఎవరూ బాధపెట్టలేదు. బాధంతా డయాలసిస్ దగ్గర వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఎస్కార్టు కావాలి, ఎస్కార్టుకి ఆర్మ్‌డ్ రిజర్వు నుంచి మనుషులు రావాలి, మహిళా కానిస్టేబులు ఉండాలి, బండి ఉండాలి. ఈ నాలుగూ పొద్దున్న ఐదింటికి ఒకేచోట కలవడం అంత తేలిక కాదు. మొదటి రెండు వారాల్లో రెండు డయాలసిస్‌లు తప్పాయి. ములాఖత్‌కి వెళ్లినప్పుడు కాళ్లు ఉబ్బి, మొహం ఉబ్బి, మాట్లాడటానికి ఆయాసపడుతోంది.

జులై చివర్లో మొదటి బెయిలు పిటిషన్ పోయింది. ఆడమనిషి, జబ్బు మనిషి అయితే బెయిలు ఇవ్వవచ్చని బీఎన్ఎస్ఎస్ 480 మాట్లాడుతుంది. 483 కింద సెషన్స్ కోర్టు కూడా ఆ స్ఫూర్తిని చూడాలని వాదించాను. పీపీ, అంటే ప్రభుత్వం తరఫు వకీలు, లేచి ఒకే ఒక్క మాటన్నాడు: "ముందే ఒకసారి పారిపోయిన మనిషి సార్." అంతటితో అయిపోయింది.

టీవీలో విన్న మాట

ఆ సాయంత్రం కొడుకు ఆఫీసుకొచ్చాడు. లారీ డ్రైవరు, నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే. "సార్, అమ్మని ఇంట్లోనే ఉంచమని అడగొచ్చు కదా. అప్పట్లో టీవీలో అదే చెప్పారు" అన్నాడు.

అతను అంటున్నది 2023 సెప్టెంబరు సంగతి. స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో అరెస్టయిన చంద్రబాబు నాయుడు తరఫున హౌస్ కస్టడీ కోరుతూ పిటిషన్ వేశారు. సుప్రీంకోర్టు వకీలు సిద్ధార్థ లూథ్రా వాదించారు. 12వ తేదీన విజయవాడ ఏసీబీ కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నాలుగు రోజులూ బెజవాడలో టీ కొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ గృహ నిర్బంధం మీద వకీలే. మాకు దానివల్ల ఒరిగింది ఒకటే, భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన హక్కుల కార్యకర్త గౌతమ్ నవలఖా తీర్పును అందరం మళ్లీ తీసి చదివాం.

ఆ తీర్పు 2021 మే 12న సుప్రీంకోర్టులో జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్ ఇచ్చింది. పాత సీఆర్‌పీసీ 167 కింద రిమాండంటే జైలే కానక్కర్లేదు, తగిన కేసులో ఇంట్లో కూడా ఉంచవచ్చు అన్నారు. వయసు, ఆరోగ్యం, వెనకటి నడత, నేరం తీరు, వేరే కస్టడీ అవసరమా కాదా, షరతులను నిజంగా అమలు చేయగలమా అన్నవి చూడమన్నారు. శిక్ష పడ్డవాళ్లను ఇళ్లలో ఉంచే సంగతి చట్టసభలకు వదిలారు. ఈ తీర్పును గృహ నిర్బంధానికి గెలుపుగా చెప్పుకుంటారు గానీ, ఆ రోజు నవలఖా ఓడిపోయారు. 2018లో ఢిల్లీలో ఇంట్లో ఉంచిన 34 రోజులను కస్టడీ రోజులుగా లెక్కగట్టి, గడువులోగా చార్జిషీటు వేయకపోతే వచ్చే డీఫాల్ట్ బెయిలు ఇమ్మని ఆయన అడిగితే, ఆ నిర్బంధం 167 కింద ఇచ్చింది కాదు కనుక కలపలేం అన్నారు.

2022 నవంబరులో ఆయన్ని జైలు నుంచి ఇంటికి మార్చినప్పుడు కాపలా ఖర్చు కింద 2 లక్షల 40 వేలు ముందు కట్టించారు. 2024 మేలో బెయిలిచ్చినప్పుడు ఇంకో 20 లక్షలు కట్టమన్నారు. కొడుక్కి ఈ అంకె చెప్పాను. "మా ఇల్లు అమ్మినా రాదు సార్" అన్నాడు. పట్టా లేని కొండ ఇంటిని ఎవరైనా కొంటే కదా.

అసలు అడ్డు డబ్బు కూడా కాదు. 167 స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 187లో కొత్తగా ఒక ప్రొవైజో, అంటే షరతు వాక్యం, చేర్చారు. పోలీసు కస్టడీ అయితే స్టేషన్లో, జ్యుడీషియల్ కస్టడీ అయితే జైల్లో, లేదా కేంద్రమో రాష్ట్రమో జైలుగా ప్రకటించిన చోట తప్ప ఎవరినీ ఉంచరాదని దాని సారం. నవలఖా తీర్పు తెరిచిన తలుపును ఈ ఒక్క వాక్యం దాదాపు మూసేసింది. 'ప్రకటించిన చోట' అన్న సందు ఉంది. 2020లో శ్రీనగర్‌లో మాజీ ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీ ఇంటిని అలాగే సబ్సిడియరీ జైలుగా ప్రకటించారు. చిట్టినగర్ కొండ మీద చీటీల ఆవిడ ఇంటికి జీవో ఎవరిస్తారు?

అమెరికాలో ఈ బాధ లేదు. అక్కడ ఇంట్లో ఉండటం శిక్షలోనే ఒక భాగం. 1983లో ఆల్బుకర్కీలో జాక్ లవ్ అనే జడ్జి ముద్దాయి కాలికి ఎలక్ట్రానిక్ కడియం వేయించిన దగ్గర్నుంచి నడుస్తున్న కథ అది. ఫెడరల్ ఖైదీని శిక్షలో చివరి పదోవంతు గానీ ఆరు నెలలు గానీ, ఏది తక్కువైతే అన్ని రోజులు ఇంటికి పంపవచ్చని వాళ్ల చట్టం. కోవిడ్ కాలంలో ఆ హద్దునూ పెంచారు. మన దగ్గర కడియం 2023లో జమ్మూ కశ్మీరులో కనపడింది, అదీ బెయిలు మీద వచ్చిన మనిషికి. విజయవాడలో కడియం లేదు. కానిస్టేబులు ఉన్నాడు.

కాబట్టి నేను వెళ్లిన దారి వేరు. రిమాండును ఇంటికి మార్చమని అడగలేదు. రెండో బెయిలు పిటిషన్ వేసి, 'ఇల్లు కదలను' అన్న షరతును మేమే ముందు పెట్టాం. పారిపోతుందన్న భయానికి అదొక్కటే జవాబుగా తోచింది.

మెట్లు లెక్కపెట్టిన రోజు

పిటిషన్ రాసేముందు ఇల్లు చూడటానికి వెళ్లాను. ఇది అందరు వకీళ్లూ చేసే పని కాదు, నేనూ అప్పటిదాకా చేయలేదు. కింద టీ కొట్టు నుంచి ఇంటి దాకా 164 మెట్లు. 90 మెట్లు దిగితే కార్పొరేషన్ కుళాయి, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్లు. ఇల్లు రెండు గదులు, పైన రేకులు. వెనక రాయి, ముందు మూడడుగుల దారి, దారికి అటుపక్క వీళ్ల బాత్రూం. అంటే ఇంట్లోంచి బాత్రూంకి వెళ్లాలన్నా ఊరి దారి దాటాలి.

ఆ ఇంటి గడపలో నిలబడి చూస్తే చుట్టూ పదిహేను గడపలు కనిపిస్తాయి. అందులో తొమ్మిది ఇళ్లవాళ్లు చీటీ సభ్యులు. ఏడుగురు ప్రాసిక్యూషన్ సాక్షులు.

కోడలు వస్త్రలత దగ్గర ఒక బట్టల షాపులో సేల్స్‌గర్ల్, నెలకు తొమ్మిదిన్నర వేలు. చదువుకుంటున్న పిల్లలిద్దరు. ఆ అమ్మాయి నాకు స్టీలు గ్లాసులో మజ్జిగిచ్చి, గుమ్మం పక్కన నిలబడి అడిగింది: "అత్తయ్య ఇంటికొస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లాలి సార్?" నేను నోట్సు రాసుకుంటూ "మీరే కదమ్మా" అన్నాను. అప్పుడు ఆ ప్రశ్నను ఇంకొంచెం సేపు పట్టుకుని ఉండాల్సింది.

కాగితం మీద చేత్తో ఇంటి ప్లాను గీసి, బాత్రూం, దారి, కుళాయి, మెట్లు అన్నీ గుర్తుపెట్టి పిటిషన్‌కి జతచేశాను. డయాలసిస్ షెడ్యూలు, ఆస్పత్రి ఇచ్చిన కాగితం పెట్టాను. మంగళ, గురు, శనివారాలు, పొద్దున్న ఆరింటి షిఫ్టు.

వాదన, ఉత్తర్వు

విచారణ రోజు కోర్టు హాల్లో చీటీ సభ్యులు పదకొండు మంది వచ్చి కూర్చున్నారు. సగం మంది ఆవిడ బయటికి రాకూడదని. మిగతా సగం మనసు వేరుగా ఉంది. పూలమ్ముకునే ఒక పెద్దావిడ నన్ను లిఫ్టు దగ్గర ఆపింది. ఆవిడవి 80 వేలు పోయాయి. "జైల్లో కూర్చోబెడితే నాకేం వస్తది బాబూ? ఎదురుగా ఉంటే రోజూ అడుగుతా" అంది. అవతలి పక్షం మనిషి నాకు మద్దతు చెప్పిందని ఆ క్షణం సంబరపడ్డాను. 'రోజూ' అన్న మాట ఎంత బరువైనదో తర్వాత తెలిసింది.

పీపీ ఫోన్లో లైవ్ లొకేషన్ ఎప్పుడూ పంచుకునే షరతు పెట్టమన్నాడు. సరిగ్గా అంతకుముందు నెల, జులై 8న, ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు నా చేతిలో ఉంది. బెయిలు మీద ఉన్న మనిషి ప్రతి కదలికనూ పోలీసులు కనిపెట్టేలా షరతు పెట్టడం గోప్యత హక్కుకు విరుద్ధమని జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ చెప్పింది అందులో. ఉన్న చోటు పోలీసులకు కనపడేలా గూగుల్ మ్యాప్‌లో పిన్ పెట్టాలన్న షరతును తీసేయించారు కూడా. లొకేషన్ పోయింది. దాని బదులు బీటు కానిస్టేబులు రోజుకు రెండుసార్లు, చెప్పకుండా వచ్చి చూసి, నోటుబుక్కులో సంతకం తీసుకోవాలన్నారు. ఫోనులో చుక్క కనపడటం తప్పయినప్పుడు, గుమ్మం ముందు రోజుకు రెండుసార్లు పోలీసు నిలబడటం ఒప్పెలా అయిందని నన్నెవరైనా అడిగితే ఆ రోజు జవాబు లేదు. గెలిచిన హుషారులో ఉన్నాను.

ఆగస్టు 16న ఉత్తర్వు వచ్చింది. 'రెసిడెన్షియల్ ప్రెమిసెస్' దాటరాదు, డయాలసిస్‌కి తప్ప. సాక్షులను కలవరాదు. ఒక్కొక్కరు 50 వేలకు ఇద్దరు షూరిటీలు.

షూరిటీల దగ్గర నాలుగు రోజులు పోయాయి. ఇంటిపన్ను రసీదున్న తెలిసినవాళ్లంతా చీటీలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లే. వాళ్లనెలా అడుగుతాం? చివరికి మంగళగిరి నుంచి ఆవిడ తమ్ముడు, అతని వియ్యంకుడు వచ్చి నిలబడ్డారు. 20న ఇంటికి చేరింది. ఇద్దరు కుర్రాళ్లు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి 164 మెట్లూ మోసుకెళ్లారు.

రెండో రోజే కానిస్టేబులు ఫోను చేశాడు. "సార్, మామ్మగారు దారి మీద ఉన్నారు, రాసుకోమంటారా?" బాత్రూంకి వెళ్తోంది. ఉత్తర్వులో 'ప్రెమిసెస్' అని ఉంది, నా ప్లాను ఫైల్లో వెనకెక్కడో ఉంది. షరతు సవరించమని మళ్లీ పిటిషన్ వేసి, ఆ చేతిగీత ప్లానును ఉత్తర్వులో భాగం చేయించాను. బాత్రూంకి వెళ్లే హక్కు కోసం సెషన్స్ కోర్టులో వాదించిన వకీలునని మా బార్‌లో ఇప్పటికీ ఏడిపిస్తారు.

"మామ్మగారూ, ఉన్నారా?"

కానిస్టేబులు మంచివాడే. వారం రోజులు పొద్దున్నా సాయంత్రం మెట్లెక్కాడు. తర్వాత మోకాళ్లు మొరాయించాయి. కింద టీ కొట్టు దగ్గర నిలబడి "మామ్మగారూ, ఉన్నారా?" అని కేకేసేవాడు. ఆవిడ దారి పక్కన పిట్టగోడ దగ్గరికొచ్చి చెయ్యి ఊపేది. కోడలు నోటుబుక్కు తీసుకుని దిగితే సంతకం. దూరం నుంచి చూస్తే మనవడు అమ్మమ్మని పలకరిస్తున్నట్టే ఉండేది. కానీ ఆ కేకకు చుట్టూ పదిహేను ఇళ్ల తలుపులూ తెరుచుకునేవి. రోజుకు రెండుసార్లు.

జైల్లో ములాఖత్‌కి వేళలున్నాయి, పాసుంది, కటకటాలున్నాయి. ఇంటికి ఏవీ లేవు. పూలావిడ అన్నట్టే రోజూ వచ్చింది. ఆవిడ ఒక్కతే కాదు. పొద్దున కుళాయికి వెళ్తూ ఒకరు, రాత్రి పనినుంచి వస్తూ ఒకరు. కొందరు గుమ్మంలో కూర్చుని ఏడ్చేవాళ్లు. ఒకతను వచ్చి ఏమీ మాట్లాడకుండా అరగంట నిలబడి వెళ్లిపోయేవాడు. డబ్బు పోయినవాళ్లను తప్పుబట్టలేను. కానీ వాళ్లలో ఏడుగురు సాక్షులు. సాక్షులను కలవరాదన్నది షరతు. సాక్షులే వచ్చి కలిస్తే? ఎవరో సెల్‌లో ఫొటో తీశారు కూడా, ఆవిడ పూలావిడ చెయ్యి పట్టుకుని ఉన్నది. అది తర్వాత మా మీదే వచ్చింది. ఇప్పుడైతే ఆ షరతును 'తనంతట తాను వెళ్లి సాక్షులను కలవరాదు, ప్రభావితం చేయరాదు' అని రాయించేవాణ్ని. అప్పుడు నాకు తోచిన ఉపాయం తలుపేసుకోమనడం. రేకుల ఇల్లు, లోపల గడియ. ఒకరోజు ఫోనులో ఆవిడ అంది: "బాబూ, అక్కడ రాత్రిపూట నిద్రన్నా పట్టేది."

కోడలు ఆగస్టు నెలాఖరుకే ఉద్యోగం మానేసింది. డయాలసిస్ రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు కుర్చీ మోసే కుర్రాళ్లను లేపాలి, కింద ఆటో పిలవాలి, నాలుగు గంటలు ఆస్పత్రిలో కూర్చోవాలి, మళ్లీ కుర్చీ. మిగతా రోజుల్లో కానిస్టేబులు ఎప్పుడొస్తాడో తెలియదు కనుక ఇంట్లోనే ఉండాలి. పిల్లల స్కూలు మీటింగుకి వెళ్లిన ఒక పూట సంతకం తప్పితే ఆ అమ్మాయికే చీవాట్లు. ఆటో, కుర్చీ కూలి కలిపి రోజుకు 700 అయ్యేది, వారానికి మూడుసార్లు. పోయిన జీతం దాని మీద. ప్రభుత్వం ఇచ్చే డయాలసిస్ పింఛను ఇందులోకే పోయేది. ఒకసారి ఆఫీసుకొచ్చి ఉత్తర్వు కాపీ తెలుగులో చదివి చెప్పమంది. చెప్పాను. "నేనెప్పుడు బయటికెళ్లొచ్చో అందులో ఎక్కడుంది సార్?" అంది.

ఆగస్టు 31

ఆ శనివారం సంగతి విజయవాడలో ఎవరూ మర్చిపోరు. వాన ఆగలేదు. మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడు బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. పొద్దున డయాలసిస్ అయ్యాక ఆవిణ్ణి ఎలాగో పైకి చేర్చారు. మెట్ల మీద నీళ్లు కాలవలా పారుతున్నాయి. సాయంత్రం కొండ మీదివాళ్లందరూ కిందికి దిగాలని మైకులో చెప్పడం మొదలుపెట్టారు.

రాత్రి తొమ్మిదింటికి కోడలు ఫోను. వెనక మైకు, పిల్లల ఏడుపు. "దిగమంటున్నారు సార్. కోర్టేమో దాటొద్దంది. ఏం చెయ్యమంటారు?"

ఆ ప్రశ్న ఆ అమ్మాయికి రావడమే నా తప్పు. వెనక రాయి ఉందని ప్లానులో నేనే గీశాను. ఆపదొస్తే ఇల్లు వదలవచ్చన్న ఒక్క వాక్యం అడగడం మాత్రం తోచలేదు. "దిగండమ్మా. ముందు దిగండి, కోర్టు సంగతి నేను చూసుకుంటా" అన్నాను. ఎస్సైకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. రెండు నీలం గీతలు రాలేదు. స్టేషన్ మొత్తం వరద డ్యూటీలో ఉంది.

ఆ రాత్రి ఒక స్కూల్లో తలదాచుకున్నారు. ఆదివారం ఆవిణ్ణి తమ్ముడు వచ్చి మంగళగిరి తీసుకెళ్లాడు. అక్కడే దగ్గర్లో ఒక ఆస్పత్రిలో మంగళవారం డయాలసిస్ చేయించారు. ఆ పని చేయకపోతే ఈ కేసు స్టడీ అక్కడితో ముగిసేది. వరద తగ్గాక కానిస్టేబులు కొండెక్కితే తలుపుకి తాళం. చీటీ సభ్యులు "మళ్లీ పారిపోయింది" అన్నారు. 9వ తేదీన ఆవిడ తిరిగొచ్చేసరికి బెయిలు రద్దు పిటిషన్ తయారైంది, పూలావిడతో ఉన్న ఫొటోతో సహా.

మా కౌంటర్లో మంగళగిరి ఆస్పత్రి కాగితం, నా మెసేజ్, ఫోను కాల్ వివరాలు పెట్టాం. మైకు సంగతి జడ్జిగారికి చెప్పాల్సిన పని లేకపోయింది, ఆ వారం ఆయన కోర్టు స్టాఫ్‌లోనే ఇద్దరి ఇళ్లు మునిగాయి. సెప్టెంబరు చివర్లో పిటిషన్ కొట్టేశారు. 'ప్రాణాపాయం ఉన్నప్పుడు ఇల్లు వదలవచ్చు, 24 గంటల్లో స్టేషన్‌కి తెలపాలి' అన్న వాక్యం అప్పుడు చేరింది. ఫొటో గురించి ఆవిడను ఒక మాటంటే, పూలావిడే లేచి "నేనే పట్టుకున్నా సార్, పడిపోతా ఉంటే" అంది. ఆ పూలావిడ ప్రాసిక్యూషన్ సాక్షి నంబరు 4.

అడిగింది ఏమిటి, వచ్చింది ఏమిటి

డిసెంబరులో మా జూనియర్ ఒకమ్మాయి ఈ ఫైలు చదివి అడిగింది: "సార్, ఇంకో రెండు వారాలు ఆగి, హైకోర్టులో మామూలు బెయిలు వేస్తే ఏమయ్యేది?" వచ్చేదేమో. డయాలసిస్ మీద ఉన్న అరవై రెండేళ్ల ఆడమనిషికి, వారానికోసారి స్టేషన్లో సంతకం షరతుతో బెయిలు రావడం నేలపాడు హైకోర్టులో వింతేమీ కాదు. నేను ఇల్లు కదలననే షరతు పెట్టినప్పుడు అది జైలుకు బదులుగా వస్తుందనుకున్నాను. అది బెయిలుకు బదులుగా వచ్చింది. కోర్టు ముందు అంత గట్టి షరతు మనమే పెడితే, దానికన్నా తక్కువ ఇవ్వాలని ఏ జడ్జికి అనిపిస్తుంది? ఎస్కార్టు లేక రెండు డయాలసిస్‌లు పోయిన కంగారు నాది. ఆ కంగారులో ఖరీదు పెంచి కొన్నాను, డబ్బు మాత్రం కోడలు కట్టింది.

దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్క. ఆ రద్దీకి గృహ నిర్బంధమే మందు అని సెమినార్లలో వింటుంటాం. నాకు అభ్యంతరం లేదు. కానీ మొదట అడగాల్సింది, ఆ మనిషి బెయిలు మీద ఇంటికి పోవాల్సినవాడా కాదా అన్నది. అంతకుముందు ఏ కేసులోనూ నేరం రుజువు కాని విచారణ ఖైదీలను గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిపాక బెయిలు మీద వదలమని బీఎన్ఎస్ఎస్ 479 ఉంది, నేరం రుజువయ్యాక కూడా జైలుకు పంపకుండా వదలడానికి 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. ప్రొబేషన్ పిటిషన్ వేసిన వకీళ్లను మా కాంప్లెక్సులో వెతకండి, దొరికితే నాకూ చెప్పండి.

సంక్రాంతికి ముందు, 2025 జనవరి 8న, ఇల్లు కదలరాదన్న షరతు ఎత్తేశారు. వారానికోసారి స్టేషన్‌లో సంతకం, నగరం దాటితే ముందు చెప్పడం. చార్జిషీటు పడింది, కేసు నడుస్తోంది. పాట ఎత్తి ఎగ్గొట్టిన ముగ్గురిలో ఒకతని దగ్గర కొంత వసూలైంది, అది కోర్టులో జమ ఉంది.

ఆ వారం కోడలు వచ్చింది. సంచిలోంచి పాత సంవత్సరం గోడ క్యాలెండరు తీసి బల్ల మీద పరిచింది. తిథి నక్షత్రాల కింద రోజు రోజుకీ పెన్నుతో గీత. జులై 12 నుంచి ఆగస్టు 19 దాకా ఎర్ర గీత, 20 నుంచి నీలం. కొత్త సంవత్సరం ఎనిమిది రోజులూ విడిగా ఒక కాగితం మీద. "శిక్ష పడితే ఇవన్నీ తీసేస్తారు కదా సార్? మొత్తం లెక్కపెట్టాను."

బీఎన్ఎస్ఎస్ 468 చెప్పాను. విచారణలో జైల్లో గడిపిన రోజులు శిక్షలోంచి తగ్గుతాయి. జైల్లోవి 39 రోజులు. ఇంట్లో గడిపిన 142 రోజులు చట్టం లెక్కలో బెయిలు, అంటే స్వేచ్ఛగా ఉన్న రోజులు. నవలఖా 34 రోజులకే అలా అయిందని కూడా చెప్పాను. ఆయనెవరో ఆ అమ్మాయికి తెలియదు.

"అంటే ఇవి ఏమీ కావా?"

"ఒక మెమో వేసి ఫైల్లో పెడతానమ్మా. శిక్ష దగ్గరికొస్తే జడ్జిగారు చూస్తారు."

క్యాలెండరు జిరాక్సు తీయించాను. ఎరుపు, నీలం రెండు గీతలూ నలుపులో ఒకేలా వచ్చాయి. దాంతో ఒరిజినల్ కూడా జతచేశాను. బెంచి క్లర్కు దాన్ని నాలుగు మడతలు పెట్టి, సీలేసి, ఫైల్లో కుట్టాడు.